అక్క కడగని చేతులు

ధర్మవరంలో మా అక్క మగ్గం నేస్తుంది. పట్టు మీద మరక పడకూడదని, నేతకు కూర్చునేముందు చేతులు కడుక్కోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఒక ఎండాకాలం అది హద్దు దాటింది. తలుపు గడియ తగిలితే చేతులు కడుక్కునేది, కడిగిన చేతుల్నే మళ్లీ కడిగేది. ట్యాంకరు నుంచి పట్టుకున్న నీళ్లు సాయంత్రానికే అయిపోయేవి. వేళ్లు పగిలి, పట్టుపోగులు వాటికి తగులుకుని తెగడం మొదలయ్యాక ఒకరోజు ఏడ్చేసింది.

"చేతులు శుభ్రంగానే ఉండాయని నాకూ తెలుసురా. మనసు ఒప్పుకోదే!"

అనంతపురంలో ఒక డాక్టరమ్మకు చూపించాను. మాత్రలు రాస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "కడగకుంటే ఏమైతాదమ్మా?" అని అడిగింది.

అక్క తల వంచుకుంది. "ఆ చీర కట్టుకునే పెళ్లికూతురికి ఏదో కీడు జరుగుతాది."

ఇన్ని రోజుల్లో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

"కడగంగానే మనసు తేలికైతాది కదా? ఆ తేలికే మళ్లీ కడగమంటాంది. కడక్కుండా కూర్చుంటే భయం ఎంతసేపుంటాదో ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు మేడమ్."

నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. ముందు తక్కువ భయం పుట్టించేవాటిని ముట్టుకుని, చేతులు కడక్కుండా కూర్చోవడంతో మొదలుపెట్టి, మెల్లగా పెళ్లిచీర దాకా రమ్మంది డాక్టరమ్మ. నన్ను మాత్రం "ఏం కాదులే" అని ధైర్యం చెప్పొద్దంది. అదీ కడగడం లాగే కాసేపటి తేలికేనట.

అక్క ఇంట్లో, నా ఎదుటే ఆమె గడియ ముట్టుకుని, ఒక పాత పట్టుముక్కను చేతుల్లోకి తీసుకుంది. నుదుట చెమట పట్టింది.

"ఏం కాదు కదరా?"

"తెలీదక్కా. చూద్దాం."

"ఏమప్పా, ఒక్క మాటంటే నీ నోరు పోతాదా?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. ఇద్దరం అలాగే కూర్చున్నాం. చాలాసేపటికి ఆమె భుజాలు దిగాయి.

"తగ్గిందిరా! నేనేం చేయకుండానే తగ్గింది!"

ఆ గొంతులో ఆనందం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. అన్నిరోజులూ అలా జరగలేదు. కొన్నిసార్లు మధ్యలోనే లేచి నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తేది. డాక్టరమ్మ కోప్పడకుండా, ఇంకాస్త సులువైనదానితో మళ్లీ మొదలుపెట్టించేది.

చివరికి గడియ తీసిన చేతులతోనే పెళ్లిచీర నేసి, నేత పనిచ్చే షావుకారుకు ఇచ్చింది. అది ఎవరి పెళ్లికో అనే ప్రశ్న నాలుక దాకా వచ్చిందట, అడగలేదట. ఇప్పుడు ఉదయం ఒకసారి కడుక్కుని మగ్గమెక్కుతుంది. పండగ ముందు పని ఎక్కువైనప్పుడు ఆ భయం మళ్లీ తొంగిచూస్తుంది. అప్పుడు నాకు ఫోన్ చేసి, "వచ్చిందిరా. ఎంతసేపుంటాదో చూస్తాండా" అంటుంది.