పెండ్లి పాటలో నిజం ఉండదన్నాను

ఏళ్ల తరబడి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది నా బతుకు. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను.

దబీర్‌పురాలో మా గల్లీ పెండ్లిళ్లకు పక్కింటి అక్క ఖైరున్నీసా ఆపా పాడేది, నేను ఢోలక్ వాయించేదాన్ని. మాంజా రోజు, అంటే పసుపు రాసే రోజు, ఆడవాళ్లు వియ్యాలవారిని పాటలో పేరుపెట్టి ఆడిపోసుకుంటారు. ఎంత మాట అన్నా నవ్వాలే తప్ప కోపం తెచ్చుకోకూడదు. అది రివాజు.

ఒక పెండ్లిలో మాంజాకు పెండ్లికొడుకు మేనమామ వచ్చాడు. మా ఇంటి ఓనరు ఆయనే. మా పై అంతస్తులోనే ఆయన లక్క గాజుల కార్ఖానా. తలుపుకు బయట తాళం. లోపల రైల్లో ఎక్కడినుంచో తెచ్చిన పిల్లలు, పొద్దస్తమానం గాజులకు అద్దాలు అతికేవాళ్లు. దగ్గులు వినబడేవి. ఒకసారి తలుపు సందులోంచి చూశాను కూడా. చూసి కిందికి వచ్చి అన్నం వండుకున్నాను. ఎట్లా వండానో!

ఆపా ఆయన మీద ఉర్దూలో ఒక చరణం కట్టింది. మామా, నీ గాజులు తళతళ మెరుస్తున్నాయి, తాళం వెనక పిల్లల మొహాలు ఎప్పుడు మెరుస్తాయి, అని. అందరూ నవ్వారు. మేనమామా నవ్వాడు. నేను ఢోలక్ వాయిస్తూనే ఉన్నాను.

ఎవరో ఫోన్‌లో తీశారు. ఆ పాట ఊరంతా తిరిగి, పిల్లల కోసం పనిచేసే ఇద్దరు మేడమ్‌లను మా గల్లీకి తీసుకొచ్చింది. అంతా నిజమేనని ఆపా చెప్పింది. ఓనరు తాళంచెవి లేదన్నాడు. మేడమ్ నా వైపు తిరిగింది.

"నువ్వు కింద ఇంట్లనే ఉంటవ్ కదమ్మా. పైన పిల్లలున్నరా?"

ఓనరు నా మొహమే చూస్తున్నాడు. నీళ్లలో ఉండి మొసలితో పగేంది అనుకున్నాను. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి?

"అయ్యో, అది మజాక్ మేడమ్. పెండ్లి పాటల గిట్లనే ఇష్టమొచ్చినట్టు అంటం. పాటల సచ్ ఏడుంటది? పైన సామాన్లున్నయ్, గంతే."

"గట్లంటవేంది బేటీ?" అంది ఆపా. అంతే అంది. కోపంగా కూడా అనలేదు.

మేడమ్‌లు మళ్లీ వస్తామని వెళ్లారు. నాలుక జారిందని సరిపెట్టుకోవాలని చూశాను, కానీ జారలేదు, తెలిసే ఆడింది. దేనికి భయపడ్డాను, ఓనరుకా, ఇంటికా, లేక ఆపాకున్న గుండె నాకు లేదని బయటపడుతుందనా?

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఓనరు మనుషులు పిల్లల్ని మెట్లు దింపారు. ఎండ తగలగానే అందరూ కళ్లు మూసుకున్నారు. ఒకడు గోడ పట్టుకుని నడుస్తూ ఆపా పాట కూనిరాగం తీస్తున్నాడు. పైనుంచి విని నేర్చుకున్నట్టున్నాడు. నా గడప ముందునుంచే పోయారు. వ్యాన్ ఎక్కించారు. మేడమ్‌లు తిరిగి వచ్చేసరికి గది ఊడ్చి ఉంది.

ఆ పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆపా చనిపోయేదాకా నాతో బాగానే మాట్లాడింది, పెండ్లిళ్లకు మాత్రం ఎప్పుడూ పిలవలేదు. ఇప్పటికీ ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేను, లేచి తిరుగుతుంటాను.

మేడమ్, మీరు అడిగినదానికి ఇప్పుడు చెబుతున్నాను. పైన పిల్లలున్నారు. నేను చూశాను.