నల్ల గొర్రె

మాఘమాసం, సోమవారం. మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట వెళ్లే బస్సులో రాజమండ్రి వాళ్లం నేను, నా భార్య. పక్క సీటులో నల్ల గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి ఎల్లయ్య.

బండి మీద నుంచి పడి చనిపోయిన కొడుకు దినాలకు ఫ్లెక్సీ కొట్టించడానికి అతను అచ్చంపేట వెళ్తున్నాడు.

"సారూ, హాస్టల్ సారు నా ముంగటనే మావోన్ని బ్లాక్ షీప్ అన్నడు. అంటే నల్ల గొర్రెనే గదా?"

"అవును" అన్నాను.

"నల్ల గొర్రె మందకే సొగసు. దాని ఉన్నితోని రంగెయ్యకుండనే గొంగడైతది. మావోన్ని గంత మంచిగ ఇంకెవ్వరనలే. గా మాట ఫ్లెక్సీ మీద ఏపిస్త. జర ఇంగ్లీషుల రాసియ్యుండ్రి."

ఇంగ్లీషులో ఆ మాట ఇంటి పరువు తీసేవాణ్ని తిట్టడానికి వాడతారు. పెన్ను తీసి, మళ్లీ మూత పెట్టేశాను. నా భార్య అందుకుంది: "తెలుగులోనే వేయించు అన్నయ్యా. ఊరంతా చదువుకుంటుంది."

"గదీ నిజమే చెల్లె" అన్నాడు.

మర్నాడు ఉదయం మా తిరుగు బస్సు వాళ్ల ఊళ్లో ఆగింది. రోడ్డు పక్కన ఫ్లెక్సీలో కుర్రాడు నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో 'మా నల్ల గొర్రె' అని ఉంది. ఎల్లయ్య గొంగడి అంచుతో కొడుకు ముఖం మీది మంచు తుడుస్తున్నాడు.