వానల్లో ఎడారి బల్లి

ఆ రోజుల్లో నాకు ఎడారి అంటే విపరీతమైన ప్రేమ. అప్పటికి ఎడారిని చూడకపోవడమే అందుకు కారణం కావచ్చు. చదువు ముగించి, చెన్నై కోడంబాక్కంలో ఒక చిన్న సంస్థలో చేరాను. రాజస్థాన్ ఎడారిలోని జీవాల వివరాలు నమోదు చేసి, వాటిని కాపాడటం మా పని. మా సారు అక్కడ ఇసుకలో తిరిగేవారు. నేను ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని ఆయన పంపిన ఫోటోలకు పేర్లు పెట్టేదాన్ని. ఒకసారి, వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు, జార్జి టౌన్లో ఎవరో తైలం తీయడానికి ఎడారి నుంచి తెచ్చి దాచిన ముళ్ళతోక బల్లి అటవీశాఖకు దొరికింది. ఎడారికి పంపేదాకా చూసుకోమని దాన్ని మాకు అప్పగించారు. మర్నాడే ఆఫీసులోకి నీళ్ళొచ్చాయి. "ఇంటికి తీసుకెళ్ళమ్మా. పొడిగా, వెచ్చగా ఉంచితే చాలు," అన్నారు సారు ఫోన్లో. (ఆ వారం చెన్నైలో పొడిగా ఉన్నది ఆయన గొంతొక్కటే.)

మా అవ్వ పెట్టెలోకి తొంగిచూసి, "ఏందే ఇది, ఉడుమా?" అంది.

"బల్లి అవ్వా. ఆకులు, పప్పులు తింటుంది, అంతే."

"బల్లయితే గోడ మీద గదా ఉండల్ల. ఈడికెందుకు తెచ్చినావు? ఇది మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో గూడా ఉండదే."

వెచ్చదనం కోసం పెట్టె మీద బల్బు వేలాడదీశాను. అవ్వ వెంటనే ఆ బల్బు కిందికే మెత్తబడిన అప్పడాలు చేర్చింది. సారు అడిగారని బల్లిని కొలవబోతే అప్పడాలు విరిగాయని అవ్వ తిట్టేది. అప్పడాలకు చోటిస్తే బల్లికి వేడి చాలలేదని సారు తిట్టేవారు. ఇద్దరి మధ్యా నలుగుతుండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాయంత్రానికి బల్లి కదలడం మానేసింది. భయంతో సారుకు ఫోన్ చేశాను.

"తోక ఫోటో స్పష్టంగా తీశావా? పొడవు కొలిచావా?"

"సార్, అది చచ్చిపోయేలా ఉంది."

"అయితే ముందు దాన్ని వెచ్చగా చెయ్యి. తర్వాత కొలువు."

ఇంట్లో దుప్పట్లన్నీ చెమ్మగా ఉన్నాయి. వేరే దారి తోచక బల్లిని చున్నీలో చుట్టి, పొట్టకు ఆనించుకుని మంచం మీద ముడుచుకు కూర్చున్నాను. అవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. "నాకు జరం వస్తే ఒక్కసారన్నా ఇట్ట పట్టుకున్నావా?" అంటూనే, "సరి, సరి, జరుగు," అని పక్కన కూర్చుని, తన ఉన్ని శాలువ మా ఇద్దరికీ (బల్లికీ నాకూ) కప్పింది. చాలాసేపటికి అది గోళ్ళతో నా పొట్టను పట్టి రక్కింది. నాకు ఏడుపొచ్చింది, నొప్పికో సంతోషానికో తెలియదు. సారుకు చెబితే, "మంచిది. ఇప్పుడు కొలువు," అన్నారు.

వానలు తగ్గాక అటవీశాఖ వాళ్ళు దాన్ని రైల్లో తీసుకెళ్ళారు. సారు ఇసుకలో వదిలితే వెనక్కి తిరగకుండా పోయిందట.

తర్వాత నేనూ ఎడారికి చాలాసార్లు వెళ్ళాను. మనిషి అలికిడైతే చాలు, ఆ బల్లులు బొరియల్లో దూరిపోతాయి. వాటి క్షేమానికి అదే మంచిదని ఇప్పుడు నేనే అందరికీ చెబుతుంటాను. కానీ మొదటిసారి వెళ్ళినప్పుడు, ప్రతి బొరియ ముందూ చతికిలబడి, ఏదో ఒకటి తల బయటపెట్టి నన్ను గుర్తుపట్టకపోతుందా అని ఎండలో ఎదురుచూసిన ఆ పిల్లను తలుచుకుంటే, నవ్వొస్తుంది. కాస్త ముద్దుగానూ ఉంటుంది.