మామయ్య హెలికాప్టరు ఎగిరిన రోజు

మా చిన్న మామయ్య ఏ వస్తువునీ దాని మానాన దాన్ని బతకనివ్వడు. కొత్త గొడుగైనా సరే, ఇంటికి తేగానే విప్పేస్తాడు.

"బాగానే ఉందిగా మామయ్యా?"

"ఉంది. ఇంకొక్క చిన్న మార్పు చేస్తే ఇంకా బాగుంటుంది."

ఆ తర్వాత అది గొడుగో, పందిరో దేవుడికే తెలియాలి.

అలాంటివాడు రిమోటు హెలికాప్టరు కట్టడం మొదలెట్టాడు. బారెడు పొడవు, అసలుదానికి అచ్చుగుద్దినట్టుంటుంది. తలుపులు తెరుచుకుంటాయి, దీపాలు వెలుగుతాయి. లోపలి పైలెట్ బొమ్మకి మీసాలు దిద్దాడు. నచ్చక గొరిగేశాడు. ఎగరెయ్యడం మాత్రం ఎప్పుడడిగినా రేపో మాపో.

"అది లేచేలోపు నా జుట్టు నెరుస్తుంది," అనేది అత్తయ్య.

"తోక దగ్గర ఇంకొక్క చిన్న మార్పు..."

ఒక మధ్యాహ్నం వీధి చివర కేకలు వినిపించాయి. నీళ్ల ట్యాంకుకి రంగు వేస్తున్నతను పైనుండగానే ఇనుప నిచ్చెన ఊడి కిందపడింది. జానెడు అంచు మీద నిలబడి, బెల్టు కొక్కెం పట్టనంత లావు కమ్మీని కావలించుకున్నాడు. గాలి పెరుగుతోంది. ఫైరింజనేమో చెట్టు కూలి దారిలో ఆగిపోయిందట. రాయికి తాడు కట్టి విసిరితే సగం ఎత్తు కూడా వెళ్లలేదు.

"చేతులు జారిపోతున్నాయి!" అని అరిచాడతను.

మామయ్య ఇంటికి పరిగెత్తి హెలికాప్టరు తెచ్చాడు. కింద పొడవాటి పురికొస కట్టాడు, మూరెడు కింద బరువుకో నట్టు, నేల మీదున్న రెండో చివర లావు తాడు. పురికొస అతనికి అందితే చాలు, దాంతో ఆ తాడు పైకి లాక్కోవచ్చు.

లేచింది! ట్యాంకు సగం దాకా వెళ్లి, గాలికి తాగుబోతులా తూలింది. మామయ్య పళ్లు బిగించి దించేశాడు.

"బరువెక్కువైంది."

తలుపులు పీకాడు. దీపాలు లాగేశాడు. పైలెట్‌ని నా చేతిలో పెట్టాడు. రంగులద్దిన పైడొప్పని విరిచి అవతల పారేశాడు.

"అయ్యో, డొప్పెందుకండీ!" అంది అత్తయ్యే.

ఆయన రిమోటు అందుకున్నాడు. అస్థిపంజరంలాంటి ఆ హెలికాప్టరు మళ్లీ లేచింది. మా అందరి ఊపిరీ దాంతోపాటే పైకి పోయింది. ఊగుతున్న నట్టు అతని భుజానికి తగిలింది, తప్పింది, మళ్లీ తగిలింది. పట్టుకున్నాడు. కంగారులో ఒక్క గుంజు గుంజాడు. హెలికాప్టరు ట్యాంకుకి గుద్దుకుని ముక్కలై రాలింది.

"అటు చూడకు! తాడు లాగు, తాడు!" అని మామయ్య గొంతు చించుకున్నాడు.

అతను తాడు లాక్కుని, కమ్మీకి బిగించి, నడుం బెల్టు కొక్కెం తగిలించుకుని జారాడు. మధ్యలో కొక్కెం ఇరుక్కుంది. గాల్లో గింగిరాలు తిరిగి, విదిలించుకుని, ఎట్టకేలకు నేల మీద పడ్డాడు.

మా మెట్ల మీద కూర్చుని, టీ అందుకుని, "మీ బొమ్మని విరగ్గొట్టేశాను సార్," అన్నాడు.

మామయ్య చూపు కొక్కెం మీదుంది. "దీని నోరు ఇరుకు. మళ్లీ పైకెక్కాలిగా నువ్వు? ఇలా ఇయ్యి."

"బెల్టా సార్?"

"ఇచ్చెయ్ నాయనా," అంది అత్తయ్య, స్క్రూడ్రైవరు ఆయన చేతికి తనే అందిస్తూ. "ఎవరైనా ఇబ్బంది పడుతుంటే ఈయన చేతులు ఊరుకోవు."

పాపం, విప్పి ఇచ్చాడు. ఆ బెల్టు ప్యాంటుని కూడా ఆపుతోందని అప్పుడే తెలిసింది. కొక్కెం బాగయ్యేదాకా అతను లేవకుండా కూర్చుని మూడు టీలు తాగాడు.