ల్యాంప్ రూమ్ కిటికీ

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా కేజీఎఫ్‌లో బంగారు గనిలోకి దిగే పాత షాఫ్టు ఒక్కోదానికి ఒక్కో కథ చెబుతారు, నేను ఒక్కటీ నమ్మలేదు. ఇది మాత్రం నా ఎదుటే జరిగింది. అదీ పట్టపగలు.

మా నాయన గనిలో ల్యాంప్ రూమ్ మనిషి. కిందికి దిగేవాళ్ళు ఇత్తడి బిళ్ళ ఇస్తే కిటికీలోంచి తలదీపం అందించేవాడు. అందించే ముందు ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడిగేవాడు. “ఇంట్లో చెప్పొచ్చినావాప్పా?”

పెళ్ళాంతో పోట్లాడి చెప్పకుండా వచ్చినవాడికి దీపం ఇచ్చేవాడు కాదు. వాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటికి పరుగెత్తి, ఒక మాట చెప్పి వచ్చేవాళ్ళు. కింద రాయి పేలితే ఎవరు పైకొస్తారో ఎవరికి తెలుసు?

నాయన పోయాడు. గనీ మూతపడింది. ఆ గది కూలగొట్టి షాపులు కడతారని విని నాకు కడుపు మండిపోయింది. రైలెక్కి బెంగళూరులో పనికి పోయొచ్చి, పరీక్షలకు చదివే మా ఆడపిల్లలకు ఇరుకు ఇళ్ళల్లో పుస్తకం తెరిచే చోటు లేదు. దాన్ని చదువుకునే గది చేయండని ఆఫీసుల చుట్టూ తిరిగాను. పాత గోడలు పనికిరావమ్మా అని అందరూ పంపించేశారు.

చివరికి కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి ఒక్కతే, “చూస్తే పోలా, పదక్కా” అంది. బైరకూరు పల్లె రైతుబిడ్డ. నాయన సంగతి ఆమెకు చెప్పలేదు. జాలి కోసం చెప్పినట్టుంటుందని నా బింకం.

తాళంచెవి నా చేతిలోనే ఉంది, తలుపు ఇంకా తీయలేదు. ఆ అమ్మాయి కిటికీ చెక్క గట్టిగా ఉందో లేదో చూడాలని లోపలికి చెయ్యి పెట్టి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది.

“లోపల ఎవురో పెద్దాయన ఉండాడు కదక్కా?”

“ఎవురూ లేరే. ఏమాయె?”

“ఇంట్లో చెప్పొచ్చినావామ్మా అని అడిగినాడు.”

గబగబా తాళం తిప్పాను. తలుపు తీశాను. లోపల దుమ్ము. దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

ఆ అమ్మాయి పక్కకు పోయి ఫోన్ చేసింది. “అమ్మా, కేజీఎఫ్‌లో ఉండా. చెప్పకుండా వచ్చేసినా, కోపం పెట్టుకోవద్దు” అని ఏడ్చింది. పొద్దున తల్లితో పోట్లాడి గడప దాటిందట.

తర్వాత గోడలన్నీ తట్టి చూసింది. కప్పు మారిస్తే చాలంది. పైవాళ్ళతో వాదించి ఒప్పించింది. ఇప్పుడు ఆ కిటికీలోంచే పిల్లలకు పుస్తకాలు ఇస్తున్నాం.

ఆమె విన్నదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కన్నకూతురిని, నాకు వినిపించలేదే అని కుళ్ళుకున్నాను కూడా. ఒకరోజు కావాలనే మా ఆయనకు చెప్పకుండా వచ్చి ఆ కిటికీ ముందు నిలబడ్డాను.

“అడుగు నాయనా, చెప్పకుండానే వచ్చినా” అన్నాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. చెంపలు తడిసేదాకా అక్కడే ఉన్నాను.

తిరిగి వస్తుంటే గుర్తొచ్చింది. పొద్దున బయల్దేరేటప్పుడు, అలవాటు కొద్దీ, గోడ మీది నాయన ఫోటోకు “పోయొస్తా” అని చెప్పే వచ్చాను.