మా వారి ఎముకల జబ్బు నేను దాచాను

ఆ ఆదివారం మనవరాలు నిహిరకి తలంటుతున్నాను. ఆరేళ్ళ పిల్ల. అమెరికాలో, కాపెల్ ఊళ్ళో ఉన్న మా అమ్మాయింటికి నేను వచ్చి అప్పటికి రెండు నెలలు. వీపుకి నూనె రాస్తుంటే రెక్క ఎముక దగ్గర శనగగింజంత కంతి ఒకటి గట్టిగా వేళ్ళకి తగిలింది. నొక్కితే కదల్లేదు. "అమ్మమ్మా, టికిల్ చేయకు" అని పిల్ల నవ్వింది. అదేమిటో డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు.

మా వారికి మోకాళ్ళ దగ్గర, ముంజేతుల మీద ఇలాంటి ఎముక కంతులుండేవి. తుంటి దగ్గరిది పెరిగి కేన్సరై, ముప్ఫై ఆరేళ్ళకే పోయారు. మా అమ్మాయి మాధవికి అప్పుడు నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట దానికీ మోకాలి కింద ఒకటి లేచింది. తీయించేసి, ఉయ్యాల మీంచి పడితే ఆపరేషన్ చేశారని దానికి చెప్పాను. సంబంధాలు చూసేటప్పుడు ఆయన గుండెపోటుతో పోయారని అందరితో అన్నాను. మాధవికీ అదే చెప్పాను. పిల్లకి పెళ్ళి కాదేమోనన్న భయం తప్ప నాకు వేరే ధ్యాస లేదు. చెప్పగా చెప్పగా నాకూ అది నిజమేననిపించేది.

నిహిర కంతి మాధవికి చూపించాను. అంతకు మించి నోరు విప్పలేదు. ఎక్స్‌రేలో ఇంకో ఐదు కనిపించాయి. బ్లడ్ టెస్ట్‌లో ఈఎక్స్‌టీ వన్ అనే జీన్‌లో తేడా ఉందని వచ్చింది. జెనెటిక్ కౌన్సెలర్ చెప్పింది మా అల్లుడు రఘు నాకు తెలుగులో చెప్పాడు.

"మన కణాల చుట్టూ పొడవాటి షుగర్ చెయిన్స్ ఉంటాయంట అత్తయ్యా. వాటిని కట్టే ఎంజైమ్ ఈ జీన్ వల్ల తయారవుతుందంట. అది సరిపోకపోతే ఎముక పక్కకి పెరిగిపోతుందంట."

"స్వీట్లు మానిపిద్దామా బాబూ?"

"మనం తినే షుగర్‌తో సంబంధం లేదండి."

ఏమీ తెలియనిదానిలా అడిగాను. నా నటనకి నాకే సిగ్గేస్తుంది ఇప్పుడు.

కుటుంబంలో ఎవరికైనా బోన్ లంప్స్ గానీ, బోన్ కేన్సర్ గానీ ఉన్నాయా అని కౌన్సెలర్ అడిగింది. మాధవి నావైపు తిరిగింది. "అమ్మా, నాన్నకేమైనా ఉండేవా?" రఘు నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

"లేవమ్మా" అన్నాను.

కొందరు పిల్లల్లో కొత్తగా కూడా మొదలవుతుంది, అయినా తల్లిదండ్రులిద్దరూ టెస్ట్ చేయించుకోండి అంది కౌన్సెలర్. ఇంట్లో ఎవరికీ లేదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నారు వీళ్ళు. నేను ఇండియాకి వెళ్ళిపోయాను.

కొన్ని నెలలకి మాధవి వీడియో కాల్‌లో తుంటి నొప్పి అంది. "కుర్చీలో కూర్చుని కూర్చుని పట్టేసిందమ్మా, ఫిజియోథెరపీకి వెళ్తున్నా." కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాసుకోమన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో నాకు ఈరోజుకీ తెలియదు.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చాను. మాధవి తుంటి మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కుతోంది. ఆయన అచ్చం అలాగే ఎక్కేవారు. ఆ మధ్యాహ్నమే వంటింట్లో ఇద్దరికీ అంతా చెప్పేశాను. మాధవి ఏడవలేదు. రఘు స్టవ్ ఆపి, "అపాయింట్‌మెంట్ బుక్ చేస్తాను" అన్నాడు.

ఎంఆర్ఐ, బయాప్సీ అయ్యాయి. కాండ్రోసార్కోమా అనే ఎముక కేన్సర్ అన్నారు. కీమో, రేడియేషన్ దీనిమీద పెద్దగా పనిచేయవు, సర్జరీ ఒక్కటే దారి అన్నాడు సర్జన్. ముందే తెలిసుంటే ఎలా ఉండేదని మాధవే అడిగింది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే బహుశా ఇంత ఎముక తీయాల్సి వచ్చేది కాదన్నాడు. రఘు అది నాకు తెలుగులో చెప్పలేదు. కానీ నాకర్థమైంది.

కటి ఎముకలో ఒక భాగం తీసేశారు. మూడో వారం గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆపరేషన్ చేశారు. మూడు నెలలు మంచం మీదే ఉంది.

ఇప్పుడు చేతికర్రల మీద నడుస్తోంది. కిందటి స్కాన్‌లో ఊపిరితిత్తిలో నాడ్యూల్, అంటే చిన్న గడ్డలాంటిది కనిపించింది, కొన్నాళ్ళు వాచ్ చేద్దామన్నారు. ఆ కొన్నాళ్ళే ఇప్పుడు గడుపుతున్నాం. నిహిరకి ఏటా చెకప్ ఉంటుంది. మాధవి నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. మొన్న మాత్రం, "నాన్నకి బాగా నొప్పిగా ఉండేదా?" అని అడిగింది. ఉండేదన్నాను. తండ్రి గురించి నేను దానికి చెప్పిన నిజాలు చాలా తక్కువ.

మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరు ఏ జబ్బుతో పోయారో కాగితం మీద ఉన్నదున్నట్టు రాసి పిల్లల చేతికివ్వండి. డాక్టరు అడిగితే, అల్లుడు పక్కనే ఉన్నా చెప్పండి. నేను భయపడ్డ ఆ అల్లుడే రోజూ పొద్దున్నే మాధవిని స్టూల్ మీద కూర్చోబెట్టి స్నానం చేయించి ఆఫీస్‌కి వెళ్తున్నాడు. ఆ రోజు చెప్పి ఉంటే అతను ఏమీ అనేవాడు కాదు.