సీసం తాగే పురుగు

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఏ తెలుగువాళ్ల పార్టీకెళ్లినా జ్ఞానప్రసూనకి "పురుగుల ఆంటీ" అనే పేరు. ఆవిడ ఉద్యోగమే అది: యూనివర్సిటీ ల్యాబ్‌లో చేపల పేగులు కోసి, లోపలున్న పురుగుల్ని ఏరడం. బిర్యానీ తింటూ కూడా ఆ కబుర్లే చెబితే ఎవరు పక్కన కూర్చుంటారు?

2009లో పక్క అపార్ట్‌మెంట్ ఫణికి చేస్తున్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ పోయింది. పొద్దుపోక వెనకాల పారే వాగులో, అదే క్రీక్‌లో, గాలం వేసేవాడు. భార్య గీతాంజలికి ఐదో నెల. చేపల పులుసు తప్ప ఏదీ ఇమిడేది కాదు. వాళ్లు తింటున్నది ఆ క్రీక్ చేపలేనని తెలిసిన రోజే జ్ఞానప్రసూన వెళ్లి వాళ్ల తలుపు తట్టింది. ఎగువన మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది మరి, దాని సీసం నీళ్లలో కలిసిందేమో!

"ఈసారి పడ్డ చేప నాకు తెచ్చివ్వు. టెస్ట్ చేస్తాను" అంది.

తెచ్చాడు. పొలుసు తీసి, పొట్ట కడిగి, ఉప్పూ పసుపూ రాసి మరీ తెచ్చాడు.

"పేగులేవయ్యా?"

"పారేశానాంటీ. పెద్దవాళ్లకి బాగుచెయ్యని చేప ఇస్తామా? మా అమ్మ వింటే చంపేస్తుంది."

"నీ మర్యాద మండ! నాక్కావాల్సిందే అవి. మళ్లీ కత్తి పెట్టావో, చూడు!"

మర్నాడు ఇంకో చేపని కొయ్యకుండా అలాగే ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి పట్టుకెళ్లాడు. ఆవిడ పేగు చీల్చింది. బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు, తలనిండా ముళ్లు, పేగు గోడని కరుచుకుని ఉన్నాయి. మైక్రోస్కోప్‌లో చూసి ఫణి నోరెళ్లబెట్టాడు.

"దీనికి నోరేదాంటీ?"

"నోరూ లేదు, పొట్టా లేదు. ఒంటితోనే తాగుతుంది. చేప పేగులోకొచ్చిన సీసాన్ని కూడా."

వారానికి ఫలితాలొచ్చాయి. చేప కండలో సీసం మెషీన్‌కి అందీ అందనంత. పురుగులో దానికి కొన్ని వందల రెట్లు! ఏళ్లుగా ఇదే పని చేస్తున్న ఆవిడ కూడా ఆ అంకెల్ని మళ్లీ సరిచూసుకుంది.

"క్రీక్‌లో సీసం ఉన్నట్టే ఫణీ. ఇక ఆ చేపలొద్దు. గీతాంజలికి బ్లడ్ టెస్ట్ చేయించు."

రిపోర్ట్ వచ్చేదాకా జ్ఞానప్రసూన రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి అడిగింది. భయం లేదన్నాడు డాక్టర్. ఆ సాయంత్రమే గీతాంజలి ల్యాబ్‌కొచ్చింది.

"ఆ పురుగులే కాపాడాయా ఆంటీ?"

"కొంత విషం అవి లాక్కుని ఉండొచ్చు. అంతా వాటి పుణ్యమేనని మాత్రం చెప్పలేనమ్మా."

గీతాంజలి పొట్ట మీద చెయ్యేసుకుని మైక్రోస్కోప్ మీదకి వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఇంత చిన్న ప్రాణిలో అంత సీసం పట్టిందా?"

"పట్టింది. పట్టినా బతికింది."